కూలిపోయే ముందు కెర్నెల్ ఏం రాసిపెట్టాలి?

తమ్ముడు: ఆపరేటింగ్ సిస్టం కూలిన క్షణంలో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీదికి చేరాలి. నా పట్టు అదే అన్నా. ఆ క్షణం మళ్లీ రాదు. హైదరాబాద్‌లో మీ ల్యాబ్‌లో సర్వర్ పడిపోతే అదే బోర్డు, అదే డిస్కు, అదే లోడు పెట్టి ఎన్నిసార్లయినా మళ్లీ పడగొట్టి చూస్తారు. సిర్గాపూర్‌లో ఒక మీసేవ కౌంటర్‌లో మెషీన్ నీలితెర చూపించి ఆగిపోయిందనుకో. ఎగుడుదిగుడు ఓల్టేజీ, వేలిముద్ర స్కానర్ పాత డ్రైవరు, వదులైన యూఎస్‌బీ కేబుల్, ఆ ఒక్క నిమిషంలో ఇవన్నీ ఎలా కలిశాయో ఎవరూ తిరిగి కూర్చలేరు. నేను నారాయణఖేడ్ నుంచి బండి మీద చేరేసరికి ఆపరేటర్ రీస్టార్ట్ చేసి పనిలో పడి ఉంటాడు. కుల ధ్రువపత్రం కోసం, ఆదాయ ధ్రువపత్రం కోసం వచ్చినవాళ్లు కౌంటర్ ముందు నిలబడి ఉంటారు. "ఇప్పుడైతే మంచిగనే నడుస్తుంది సార్" అంటాడు. ఆ మెమరీ నకలు, అంటే డంప్, లేకపోతే నా చేతికి దొరికేది ఆ ఒక్క మాటే. కొన్నాళ్లకు మెషీన్ మళ్లీ పడుతుంది.

అన్న: నీ కష్టం కాదనను తమ్మీ. అయితే "చేరాలి" అన్నావు, చేర్చేదెవరో చెప్పలేదు. కెర్నెల్ పానిక్ అయిందంటే తన లెక్కలను తానే నమ్మలేని స్థితికి వచ్చిందని అర్థం. ఏదో పాయింటర్ పాడైంది, లేదా లాక్ పట్టుకున్న థ్రెడ్ దాన్ని వదలకుండానే ఆగిపోయింది, లేదా ఒక డ్రైవర్ ఇంకొకరి మెమరీలో రాసేసింది. ఏది చెడిందో ఆ క్షణంలో కెర్నెల్‌కే తెలియదు. దాని చేతికి డిస్కు అప్పగించి గిగాబైట్ల కొద్దీ రాయమంటావా? మెమరీలో ఉన్న ఫైల్ సిస్టం పట్టికలే చెడి ఉంటే ఆ డంప్ వెళ్లి ఎవరి దరఖాస్తుల మీద పడుతుందో చెప్పలేం. మెషీన్ ఆగితే కాసేపు పని ఆగుతుంది, డిస్కు చెడితే ఏళ్ల రికార్డు పోతుంది. అందుకే నా వరుస వేరు. ముందు ఉన్న డేటాకు హాని జరగకూడదు. తర్వాత మెషీన్ త్వరగా లేవాలి. ఆ రెండూ కుదిరాకే సాక్ష్యం సంగతి.

తమ్ముడు: ఆ భయానికి ముందుతరం వాళ్లు ఎప్పుడో దారి చూపించారు. బర్క్‌లీ యూనిక్స్ రోజుల నుంచే కూలుతున్న కెర్నెల్ ఫైల్ సిస్టం జోలికి పోదు. సెక్టార్ నంబర్ పట్టుకుని నేరుగా స్వాప్ విభాగంలోకి రాస్తుంది. అదీ చివరి వైపు రాస్తుంది. మెషీన్ లేచాక స్వాప్ వాడకం మొదటి వైపు నుంచి మొదలవుతుంది కాబట్టి డంప్ వెంటనే చెరిగిపోదు. తర్వాత ఆరోగ్యంగా ఉన్న కెర్నెల్ మీద సేవ్‌కోర్ అనే ప్రోగ్రామ్ నడిచి దాన్ని మామూలు ఫైలుగా మారుస్తుంది. విండోస్‌దీ అదే బాట. పేజ్‌ఫైల్ డిస్కు మీద ఏయే సెక్టార్లలో ఉందో ముందే లెక్క కట్టి మెమరీలో ఉంచుకుంటుంది. డిస్క్ డ్రైవర్‌కు క్రాష్ వేళ వాడటానికని విడిగా ఒక నకలు లోడ్ చేసి పెట్టుకుంటుంది. కూలినప్పుడు ఆ నకలుతో, ఆ లెక్క ప్రకారం రాస్తుంది. కొత్తగా మెమరీ అడగదు, ఎవరి లాక్ కోసమూ ఆగదు, ఇంటరప్ట్ కోసం ఎదురుచూడదు.

అన్న: ఆ నకలు కూడా అదే ర్యామ్‌లో ఉంది కదా. అదుపు తప్పిన రాత దాని మీదే పడితే? పాడైన కోడ్‌తోనే డిస్కు మీద రాస్తావు.

తమ్ముడు: లినక్స్ వాళ్లకు సరిగ్గా ఈ అనుమానమే ఉండేది. కూలిన కెర్నెల్ తానే డిస్కు మీద రాసే ఎల్‌కేసీడీ పద్ధతి అసలు కెర్నెల్‌లోకి ఎన్నడూ చేరలేదు. 2005లో 2.6.13తో పాటు కెడంప్ వచ్చింది. ఆ ఏడాది ఒట్టావా లినక్స్ సింపోజియంలో దాని మీద పత్రం రాసింది ముగ్గురు. ఎరిక్ బీడర్‌మన్‌తో పాటు వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థ ఉన్నారు. ఈ ఇద్దరూ మన దేశంలోని ఐబీఎం నుంచి పనిచేసినవాళ్లు. చనిపోయినవాడు తన పంచనామా తానే రాసుకోకూడదన్నది ఆ పద్ధతికి ప్రాణం. బూట్ అయ్యేటప్పుడే కొంత మెమరీని పక్కన పెట్టి, అందులో ఇంకో చిన్న కెర్నెల్‌ను సిద్ధంగా ఉంచుతారు. పెద్ద కెర్నెల్ కూలగానే మిగతా ప్రాసెసర్లను ఆపేసి, ఆ చిన్న కెర్నెల్ చెడిపోలేదని హాష్ సరిచూసి, బయోస్‌కు వెళ్లకుండా నేరుగా అందులోకి దూకుతారు. చిన్న కెర్నెల్ తన డ్రైవర్లతో, తన ఫైల్ సిస్టంతో కొత్తగా లేచి, పాత కెర్నెల్ మెమరీని ఒక ఫైలులా తెరిచి చదువుతుంది. నువ్వు భయపడిన తప్పు రాత ఆ చిన్న కెర్నెల్ మీద పడినా హాష్ దగ్గరే పట్టుబడుతుంది. పాత కెర్నెల్ నమ్మకద్రోహం చేయగలిగేది ఆ దూకడానికి ముందున్న కొద్దిపాటి కోడ్‌లోనే.

అన్న: అందమైన ఆలోచన. కాదనను. నేను చూసే సర్వర్ల మీద అదే నడుస్తుంది, అదే ఉండాలి కూడా. కానీ ఆ అందానికి ఖరీదు కట్టేదెవరు? రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9లో మామూలు అమరిక ప్రకారం 4 గిగాబైట్ల నుంచి 64 గిగాబైట్ల వరకు ర్యామ్ ఉన్న మెషీన్‌లో 256 మెగాబైట్లు ఆ చిన్న కెర్నెల్‌కే కేటాయిస్తారు. 64 గిగాబైట్ల సర్వర్‌కు అది లెక్కలోది కాదు. 4 గిగాబైట్ల కౌంటర్ మెషీన్‌లో పదహారో వంతు. ఎన్నడో ఒకరోజు వచ్చే క్రాష్ కోసం ప్రతిరోజూ, ప్రతి నిమిషం ఆ పదహారో వంతు ఖాళీగా పడి ఉండాలి. ఇంకో మాట. పాత కెర్నెల్ ఆగినా నెట్‌వర్క్ కార్డూ డిస్క్ కంట్రోలరూ ఆగవు. ఇంతకుముందు ఇచ్చిన ఆదేశాల ప్రకారం పాత మెమరీలోకి రాస్తూనే ఉంటాయి. అందుకే చిన్న కెర్నెల్‌కు ముందే వేరుచేసిన జాగా కావాల్సి వచ్చింది. ఆ పరికరాలను సగం పనిలో ఉండగా మళ్లీ మొదలుపెట్టాలంటే ప్రతి డ్రైవరూ అందుకు ఒప్పుకోవాలి. చవక బోర్డు మీద ఒప్పుకోదు. అప్పుడు మొదటి కెర్నెల్ పోయింది, రెండోది డిస్కు దొరక్క నిలబడిపోయింది, తెర మీద ఏమీ లేదు. రీస్టార్ట్ కూడా కాదు. కౌంటర్ ముందున్న మనిషికి ఇదే అన్నిటికంటే చెడ్డ ఫలితం.

తమ్ముడు: ఆ పరికరాల చిక్కు ఐబీఎం పవర్ సర్వర్లలో తీరింది కదా. అక్కడ ఫర్మ్‌వేరే మెమరీని కాపాడి మెషీన్‌ను శుభ్రంగా మళ్లీ లేపుతుంది. పరికరాలన్నీ మొదటి నుంచి మొదలవుతాయి.

అన్న: పవర్ సర్వర్లలో. సిర్గాపూర్ కౌంటర్‌లో పవర్ సర్వర్ పెడతారా?

తమ్ముడు: పెట్టరు. సరే, ఆ మాట వదిలేస్తాను. కానీ 2024 జూలై 19ని వదలను. ఆ శుక్రవారం పొద్దున మన సమయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ ఒక చిన్న ఫైలు పంపింది. 10:57కి వెనక్కి తీసుకుంది. ఆ మధ్యలో లోకమంతటా సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు కూలాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో ఇండిగో ప్రయాణికులకు బోర్డింగ్ పాస్‌లు చేతితో రాసిచ్చారు. ఎందుకు జరిగిందో రోజుల్లోనే ఎలా తేలింది? కూలిన మెషీన్ల నుంచి అందిన కెర్నెల్ డంప్‌లతో. వాటిని డీబగ్గర్‌లో తెరిచి, హద్దు దాటి మెమరీని చదివిన డ్రైవర్ ఏదో, ఏ ఆదేశం దగ్గర పడిందో మైక్రోసాఫ్ట్ జూలై 27న వివరంగా ప్రచురించింది. ఆ ఆదేశానికి ముందు పాయింటర్ ఖాళీగా ఉందా అన్న తనిఖీ కూడా ఉందని అందులో కనిపించింది. ఖాళీగా లేదు, కానీ చెల్లేదీ కాదు. డంప్ లేకపోతే ఇది ఖాళీ పాయింటర్ తప్పే అని అందరూ తీర్పు చెప్పేసేవారు. నిజానికి నెట్‌లో అలా చెప్పేసినవాళ్లూ ఉన్నారు.

అన్న: ఆ ఉదాహరణ నా వైపు కూడా నిలబడుతుంది తమ్మీ. ఆ రోజు కావలసింది ఎంత? డ్రైవర్ పేరు, పడిన చిరునామా, రిజిస్టర్లు, స్టాక్, చుట్టూ కొంచెం మెమరీ. విండోస్ చిన్న డంప్ కొన్ని వందల కిలోబైట్లలో దాదాపు అదంతా ఇస్తుంది. ఇరవై ఇన్‌పుట్‌లు ఇచ్చిన చోట ఇరవై ఒకటోది చదవబోయిందన్న మూలకారణం తయారీదారు దగ్గర ఉన్న సోర్స్ కోడ్‌తో కలిపి చూస్తే తేలింది, ఆగస్టు 6న వాళ్లే ప్రకటించారు. ప్రతి మెషీన్‌లోనూ గిగాబైట్లు రాసి పెట్టనక్కర లేకపోయింది.

తమ్ముడు: ఎందుకంటే ఆ తప్పు ప్రతి మెషీన్‌లోనూ ఒకే ఆదేశం దగ్గర పడింది. అది నిజాయితీ గల తప్పు అన్నా. ఎక్కడ తప్పు చేసిందో అక్కడే చచ్చింది. నన్ను తిప్పలు పెట్టేది అలాంటిది కాదు. ఒక డ్రైవర్ తాను వదిలేసిన మెమరీని ఇంకా తనదే అనుకుని రాస్తుంది. ఆ జాగాను అప్పటికే ఫైల్ సిస్టం తీసుకుని ఉంటుంది. మూడు నిమిషాల తర్వాత ఫైల్ సిస్టం ఆ చెడిన విలువను చదివి కూలుతుంది. నీ చిన్న డంప్ స్టాక్‌లో ఫైల్ సిస్టం పేరు చూపిస్తుంది. నేను డిస్కు మారుస్తాను. ఏ పాపం ఎరగని డిస్కు! ఆ పేజీ అంతకుముందు ఎవరి చేతిలో ఉంది, దాని పక్క పేజీల్లో ఏ నమూనా కనిపిస్తోంది, కెర్నెల్ కేటాయింపుల జాబితా ఏం చెబుతోంది, ఇవన్నీ పూర్తి కెర్నెల్ మెమరీ ఉంటేనే దొరుకుతాయి. హ్యాంగ్ అయినప్పుడూ అంతే. ఎవరు ఎవరి లాక్ కోసం ఆగారో తెలియాలంటే అన్ని థ్రెడ్‌ల స్టాకులూ కావాలి, ఆగిపోయిన ఒక్కడిది చాలదు. చిన్న డంప్ చాలాసార్లు నిరపరాధిని చూపించి ఇతడే దొంగ అంటుంది.

అన్న: ఇది గట్టి మాట. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మెమరీ చెడగొట్టే తప్పులను చిన్న డంప్‌తో పట్టుకోవడం అదృష్టం మీద ఆధారపడిన పనే. నేను చెప్పగలిగింది ఒక్కటి, చాలా క్రాష్‌లు ఒకే తప్పు వేల మెషీన్లలో పడటం వల్ల వచ్చేవి. వేల చిన్న డంప్‌లను పక్కపక్కన పెడితే ఒక్క పెద్ద డంప్ చెప్పనిది బయటపడుతుంది. అన్ని స్టాకుల్లోనూ వేర్వేరు బాధితులు, కానీ అన్ని మెషీన్లలోనూ ఒకే స్కానర్ డ్రైవర్ లోడ్ అయి ఉందంటే దొంగ ఎవరో తెలిసినట్టే.

తమ్ముడు: వేల మెషీన్లు ఉన్నవాడికి. నా దగ్గర నారాయణఖేడ్, కల్హేర్, కంగ్టి, సిర్గాపూర్ కలిపినా అన్ని లేవు. వాటిలోనూ ఏ రెండూ ఒక్కలాంటివి కావు. ఇక ఆ కౌంటర్ల సంగతి చూడు. డొమైన్‌లో లేని విండోస్ మెషీన్‌లో డిస్కు ఖాళీ 25 గిగాబైట్ల లోపుంటే మెమరీ డంప్ ఫైలును సిస్టమే తీసేస్తుంది, ఉంచమని ప్రత్యేకంగా చెప్పకపోతే. మన కౌంటర్ల డిస్కులు స్కాన్ చేసిన కాగితాలతో ఎప్పుడూ నిండే ఉంటాయి. అంటే సాక్ష్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల దగ్గరే అది ముందు చెరిగిపోతుంది. ఈ డిఫాల్ట్ ఎంచుకున్నవాళ్ల కళ్ల ముందు నా కౌంటర్ లేదు.

అన్న: ఆ డిఫాల్ట్ ఎంచుకున్నవాడి కష్టం కూడా చూడు. డిస్కు నిండి అప్‌డేట్ ఆగితే, దరఖాస్తు సేవ్ కాకపోతే, ఆపరేటర్ తిట్టేది ఎవరిని? పైగా సమయం. ఒక సర్వర్‌లోని టెరాబైట్ ర్యామ్‌ను సెకనుకు 500 మెగాబైట్ల వేగంతో రాస్తే అరగంట దాటుతుంది. ఆ అరగంటా సేవ ఆగి ఉంటుంది.

తమ్ముడు: కౌంటర్‌లో 8 గిగాబైట్లు. పాత హార్డ్ డిస్కు సెకనుకు 100 మెగాబైట్లు రాసినా నిమిషంన్నర లోపు.

అన్న: ఆ నిమిషంన్నరలో ఆపరేటర్ పవర్ బటన్ నొక్కి పట్టుకుంటాడు. లేదా కరెంటు పోతుంది.

తమ్ముడు: నొక్కుతాడు, నిజమే. అందుకే రాసే వరుస ముఖ్యం. కెడంప్ స్క్రిప్టులు ముందుగా కెర్నెల్ సందేశాల లాగ్‌ను వేరే చిన్న ఫైలుగా రాస్తాయి, తర్వాతే పెద్దదాని జోలికి వెళతాయి. మధ్యలో ఆగినా ఆ లాగ్ దక్కుతుంది. సగం డంప్ పనికిరాదని పారేసే డిజైన్ చెడ్డ డిజైన్. ఎక్కడ తెగినా అంతవరకు చదవగలిగేలా ఉండాలి. ఈ మాట మీద మనిద్దరికీ తేడా లేదనుకుంటాను.

అన్న: లేదు. కానీ ఆ లాగ్ ఒక్కటే చాలన్నది నా వాదన అయినప్పుడు దాన్ని డిస్కు మీదికి తేవాల్సిన పని కూడా లేదు. పీస్టోర్ ఉంది. ఫర్మ్‌వేర్ దగ్గర ఉండే చిన్న నిల్వలోనో, రీస్టార్ట్ అయినా చెరగని ర్యామ్ ముక్కలోనో కొన్ని కిలోబైట్లు రాసి వెళ్లిపోతుంది. డిస్కును తాకదు.

తమ్ముడు: ఆ చిన్న నిల్వే 2013లో కొన్ని శాంసంగ్ ల్యాప్‌టాప్‌లను చంపేసింది అన్నా! లినక్స్ క్రాష్ లాగ్‌ను యూఈఎఫ్‌ఐ వేరియబుల్స్‌లో రాసింది, ఆ జాగా నిండింది, ఫర్మ్‌వేర్ దాన్ని తట్టుకోలేక మెషీన్‌ను అసలు ఆన్ కానివ్వలేదు. మదర్‌బోర్డు మార్చాల్సి వచ్చిన మెషీన్లు ఉన్నాయి. ఆ తర్వాతే అక్కడ ఎప్పుడూ కొంత ఖాళీ మిగిల్చేలా కెర్నెల్‌ను సరిచేశారు. నీ వరుసలో మొదటిది హాని చేయకూడదన్నది కదా. అందరికంటే తక్కువ రాసిన పద్ధతే అందరికంటే పెద్ద హాని చేసింది.

అన్న: తీసుకుంటాను. రాసే పరిమాణం తగ్గిస్తే ప్రమాదం దానంతట తగ్గదు, ఎక్కడ రాస్తున్నామో ఆ చోటు క్రాష్‌ను తట్టుకోగలగాలి. అందుకే నాకు ఇప్పుడు నచ్చుతున్నది అసలు ఎక్కడా రాయని దారి. 2024 నవంబరులో వచ్చిన లినక్స్ 6.12 కూలినప్పుడు లాగ్‌ను కుదించి తెర మీద క్యూఆర్ కోడ్‌గా చూపించగలదు. ఆపరేటర్ జేబులో ఫోన్ ఉంటుంది. ఫొటో తీసి నీకు వాట్సాప్ చేస్తాడు. డిస్కు లేదు, స్వాప్ లేదు, రెండో కెర్నెల్ లేదు.

తమ్ముడు: అది నాకూ నచ్చింది, మనస్ఫూర్తిగా. నీలితెర ఫొటో పంపమంటే వాళ్లు ఇప్పటికే పంపుతున్నారు. అయితే అందులో పట్టేది కొన్ని కిలోబైట్ల లాగ్. మెమరీ చెడిన కథ అందులో పట్టదు.

అన్న: పట్టకపోవడమే నాకు కావాలి. ఇంతసేపూ డిస్కు గురించి మాట్లాడాం, ఇప్పుడు అసలు మాటకు వస్తాను. నువ్వు దాస్తానంటున్న ర్యామ్‌లో ఉన్నది నీ సాక్ష్యం ఒక్కటే కాదు. ఆ క్షణంలో కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి వివరాలు. పాత ఎల్‌0 రకం వేలిముద్ర పరికరాల్లో ఆ ముద్రను ఎన్‌క్రిప్ట్ చేసేది కంప్యూటర్‌లో ఉన్న సాఫ్ట్‌వేరే. ఎల్‌1లో అయితే పరికరం లోపలి సురక్షిత చిప్‌లో జరుగుతుంది. అంటే ఎల్‌0 స్కానర్ మీద వేలు పెట్టిన క్షణంలో మెషీన్ కూలితే, ఆ ముద్ర ఎన్‌క్రిప్ట్ కాకముందు రూపంలో నీ డంప్‌లో ఉండవచ్చు. పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. వేలు మార్చుకోలేరు.

తమ్ముడు: అందుకే వడపోత ఉంది. లినక్స్‌లో మేక్‌డంప్‌ఫైల్ అనే ప్రోగ్రామ్ ఖాళీ పేజీలు, సున్నాలతో నిండినవి, ఫైల్ క్యాష్, యూజర్ ప్రోగ్రాముల పేజీలు, అన్నీ తీసేసి కెర్నెల్ సొంత పేజీలనే ఉంచుతుంది. విండోస్ కెర్నెల్ డంప్ కూడా యూజర్ మెమరీని వదిలేస్తుంది. ఎన్‌క్రిప్షన్ చేసే సాఫ్ట్‌వేర్ యూజర్ ప్రోగ్రామే కదా.

అన్న: ఆ ముద్ర యూఎస్‌బీ తీగ నుంచి ఆ ప్రోగ్రాముకు చేరింది ఏ దారిలో? కెర్నెల్ బఫర్ల మీదుగానే. డిస్కు ఎన్‌క్రిప్షన్ తాళం ఎక్కడుంటుంది? కెర్నెల్ మెమరీలోనే. వడపోత తగ్గిస్తుంది, తుడిచేయదు. 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ఏం చెప్పిందో గుర్తుందా? స్టార్మ్-0558 అనే చైనా ముఠా అమెరికా అధికారుల ఈమెయిళ్లు చదివిన ఘటనలో, వాళ్లకు దొరికిన సంతకపు తాళం 2021 ఏప్రిల్ నాటి ఒక క్రాష్ డంప్ ద్వారా బయటికి పొక్కి ఉండొచ్చని చెప్పింది. తాళాలను డంప్‌లోంచి తీసేయాల్సిన వడపోత ఆ రోజు పనిచేయలేదట. ఆ డంప్‌ను భద్రమైన చోటి నుంచి ఇంటర్నెట్‌తో కలిసిన డీబగ్గింగ్ చోటుకు తరలించారట.

తమ్ముడు: 2024 మార్చిలో అదే సంస్థ ఆ వివరణను సవరించింది. తాళం ఉన్న డంప్ తమకు దొరకలేదని చెప్పింది. సగమే చెప్పకు అన్నా.

అన్న: సవరించింది, ఒప్పుకుంటున్నాను. ఆ తాళం ఎలా పోయిందో ఇవాళ్టికీ తేలలేదు. కానీ అంత పెద్ద సంస్థ ఆ మాటను నమ్మదగిన వివరణగా ముందు ప్రకటించగలిగిందంటే డంప్‌లోంచి తాళం పోవడం జరగరానిది కాదనే కదా. నువ్వు ఆ డంప్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నారాయణఖేడ్ తెస్తావు. పని తీరాక డేటాను చెరిపేయడం ధర్మం. ఆ కౌంటర్‌లో వేలు పెట్టిన ముసలావిడ ఏ పనికి ఒప్పుకుంది? పెన్షన్‌కు. నీ డీబగ్గింగ్‌కు కాదు.

తమ్ముడు: ఆ ముసలావిడ పేరు చెప్పి నా సాక్ష్యాన్ని కాల్చేయకు. మెషీన్ మళ్లీ మళ్లీ పడితే మళ్లీ మళ్లీ సిర్గాపూర్ దాకా రావాల్సింది ఆమే. ఆ రోజు కూలి పోయేది ఆమెకే. ఆమెకు గోప్యత ఎంత ముఖ్యమో, పనిచేసే మెషీన్ అంత ముఖ్యం. దానికి దారి ఉంది. ఫ్రీబీఎస్‌డీ 12 నుంచి క్రాష్ డంప్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి రాయవచ్చు. ముందుగానే ఒకసారి వాడే తాళం తయారవుతుంది, అది పబ్లిక్ కీతో మూసి ఉంటుంది. డంప్ ఆ మెషీన్‌లో ఉన్నా, నా పెన్‌డ్రైవ్‌లో ఉన్నా ఎవరూ చదవలేరు. ప్రైవేట్ కీ ఉన్నవాడే చదువుతాడు. విండోస్‌లోనూ డంప్ ఎన్‌క్రిప్షన్ ఉంది. అంతా రాయి, మూసి రాయి. నా షరతు అంతే.

అన్న: ప్రైవేట్ కీ ఎవరి దగ్గర?

తమ్ముడు: నా దగ్గర వద్దు. స్కానర్ అమ్మినవాడి దగ్గర అసలే వద్దు, తప్పు వాడిదే కావచ్చు. జిల్లా స్థాయిలో ఉండాలి, సంగారెడ్డిలో. ప్రజల డేటాకు బాధ్యత వహించే అధికారి చేతిలో. ఆయన సమక్షంలో తెరవాలి, చూడాలి, చెరపాలి.

అన్న: ఆయన పక్కన కూర్చుని డంప్ చదవగల మనిషి సంగారెడ్డిలో ఉన్నాడా? ఆ కుర్చీకి ఎవరైనా జీతం ఇస్తున్నారా?

తమ్ముడు: ఇవాళ లేడు. ఐఐటీ అదే జిల్లాలో, కందిలో ఉంది. చదవడం నేర్పగలవాళ్లు ఉన్నారు. డంపే లేకపోతే ఆ మనిషి ఎన్నటికీ తయారుకాడు. చదవడానికి ఏమీ లేని చోట చదివేవాణ్ని ఎవరు నియమిస్తారు?

అన్న: చదివేవాడు లేని చోట, ఎవరి దగ్గరుందో తెలియని తాళంతో మూసిన వేలిముద్రలు మండలమంతా పాత డిస్కుల్లో పోగుపడనివ్వమంటావా? ఆ డిస్కులు రేపు తుక్కు సామానులో ఎవరి చేతికి వెళతాయి? ముందు ఆ మనిషి రావాలి, ఆ పద్ధతి రావాలి. అప్పుడు డిఫాల్ట్ మారుద్దాం. అందాకా లాగ్, స్టాక్, క్యూఆర్ కోడ్.

తమ్ముడు: అందాకా ఫైల్ సిస్టం పేరు చూసి డిస్కులు మారుస్తూ ఉండమంటావు.

అన్న: అవును. ఆ నష్టం ఎంతో తెలిసే అంటున్నాను.

తమ్ముడు: తెలిసినా అది నీ కౌంటర్ ముందు పడే నష్టం కాదు అన్నా. నేను ఒప్పుకోను.